రోగి పాత్రలో సిపాయి జున్రే

దేశం కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడిన ప్రతి సైనికుడికీ ఆ ప్రాణం ఊరికే పోకుండా చూసే ఆస్పత్రి ఒకటి ఉండాలా, అక్కర్లేదా అన్న మహత్తర విషయం మీద ప్రభుత్వం తొమ్మిదేళ్ళ కిందటే చారిత్రక నిర్ణయం తీసుకుంది. ఆ నిర్ణయం ఏమిటంటే, నిర్ణయం తీసుకోవడానికి ఒక కమిషన్ వేయాలని!

కమిషన్ ముందు మూడే మూడు ప్రశ్నలు పెట్టారు. దూరాన ఉన్న సైనిక ఆస్పత్రులను కూలగొట్టి కొత్తవి కట్టడమా? ఉన్నవాటిలో మనుషులను నింపడమా? లేక తలుపులు మూసేయడమా? కట్టడమా, నింపడమా, మూయడమా అని కమిషన్ రాజధాని మనీలాలో నూట నలభై సార్లు కూర్చుంది, నూట నలభై సార్లు భోజనం చేసి లేచింది. సైనిక ఆస్పత్రి అంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూసి రావడానికి రెండుసార్లు ఐరోపా వెళ్ళింది. సొంత దేశంలో సమార్ ద్వీపానికి మాత్రం వెళ్ళలేకపోయింది. దారి బాగుండదట!

ఆ బాగుండని దారి చివర, సముద్రానికీ కొండకీ మధ్య బుగాడో సైనిక ఆస్పత్రి ఉంది. యాభై పడకలు. కాగితం మీద సిబ్బంది ముప్ఫై ఎనిమిది మంది. నేల మీద ముగ్గురు. ఒకరు కెప్టెన్ ఒడెట్ మకబెంటా, డాక్టరు. రెండోవారు సార్జెంటు పసిటా, నర్సు. ఆవిడను ఊరూవాడా "మానా పసింగ్" అంటారు, పసింగ్ అక్క అని. మూడో ఆయన వంటాయన. అన్నం వండాక జీపు నడుపుతాడు, జీపు నడవనప్పుడు అన్నం వండుతాడు.

మిగిలిన ముప్ఫై ఐదుగురూ మాయమైపోలేదు. బుగాడోలో ఉద్యోగం, మనీలాలో మనుగడ, అంతే తేడా! మత్తు డాక్టరు ఆరేళ్ళుగా కేంద్ర కార్యాలయంలో ఒక జనరల్ గారి రక్తపోటు చూస్తున్నాడు. ఆ రక్తపోటు అంత కీలకమైనదని పైవాళ్ళు తేల్చారు.

ఒడెట్‌కి ముప్ఫై ఏడేళ్ళు. బుగాడోకి వచ్చి ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళలో ఆమె పైకి పద్నాలుగు ఉత్తరాలు రాసింది. మత్తు డాక్టరును పంపండి, ఇద్దరు నర్సులను పంపండి, రక్తం దాచుకోవడానికి ఒక ఫ్రిజ్ పంపండి అని. పద్నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది. "విషయం కమిషన్ పరిశీలనలో ఉంది."

అలాంటి కమిషన్ ఒకరోజు నిజంగానే బయలుదేరింది! గురువారం ఉదయం పది గంటలకు బుగాడోను తనిఖీ చేస్తామని కబురొచ్చింది. కబురు వెనకే మూడు ఫోన్లు వచ్చాయి.

మొదటి ఫోను కమిషన్ అధ్యక్షుడు జనరల్ ఫౌస్తినో వెలార్దే గారిది.

"కెప్టెన్, మన సైనికులకి కొత్త భవనం కట్టాల్సిందే. పాతది ఎంత అధ్వాన్నంగా ఉందో కమిషన్ చూడాలి. రోగులు కిటకిటలాడుతుండాలి. కప్పు ధారగా కారుతుండాలి."

"కప్పు కారుతుంది సార్. కానీ ఇప్పుడు వానల్లేవు."

"వాన లేదని వెనక్కి తగ్గుతామా అమ్మా? మనం సైనికులం! ఇదంతా మన సైనికుల కోసమే."

జనరల్ గారి బావమరిది భవనాలు కడతాడు. కమిషన్ ఇంకా ఏమీ తేల్చకముందే ఆ బావమరిది సిమెంటు బస్తాలు బుగాడో రేవులో దిగి, గట్టిపడి, పిల్లలు ఎక్కి ఆడుకునే గుట్టలయ్యాయి.

రెండో ఫోను కల్నల్ ఎవరిస్టో కిరాంటే గారిది.

"చూడండి కెప్టెన్, గురువారం నాకు ఒక్క రోగి కూడా కనబడకూడదు. ఖాళీ మంచాలు, దుమ్ము. ఇంతటి ఆస్పత్రి వృథాగా పడి ఉందని అందరికీ తెలియాలి. ఇదంతా మన సైనికుల కోసమే."

కొండ అవతలి పట్నంలో కల్నల్ గారి భార్య పేర ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉంది. బుగాడో మూతపడితే సైనికులు ఆరు గంటలు ప్రయాణం చేసి అక్కడికే చేరాలి.

మూడో ఫోను రక్షణ శాఖ నుంచి కమిషన్‌లో కూర్చున్న విర్హినియా ఒంపాడ్ గారిది. అందరూ ఆమెను మేడమ్ అంటారు.

"ఒడెట్, తల్లీ, భవనాలదేముంది, మనుషులు ముఖ్యం! రోగులు మంచాల మీద మొత్తుకుంటూ ఉండాలి, పలికే దిక్కు ఉండకూడదు. నువ్వూ ఆ నర్సూ కాసేపు అటు ఇటు తప్పుకోండి. ఇదంతా నా సైనిక బిడ్డల కోసమే!"

మేడమ్ గారి అన్నకు ముగ్గురు కూతుళ్ళు. ముగ్గురూ ఆ ఏడే నర్సు చదువు పూర్తి చేశారు. బుగాడోలో ఖాళీలు నింపితే ముగ్గురికీ ఇక్కడ ఉద్యోగం, మనీలాలో మనుగడ!

ఒడెట్ ఫోను పెట్టేసి మానా పసింగ్ వైపు చూసింది. "ఒకాయనకి నిండా రోగులు కావాలి. ఇంకొకాయనకి ఒక్కడూ వద్దు. ఆవిడకేమో మనమిద్దరమే వద్దు. నిజానికి మన దగ్గర ఎంతమంది ఉన్నారు?"

"పదకొండు మంది. ఏడుగురు మలేరియా, ముగ్గురు టైఫాయిడ్, ఒకడు పాము కాటు."

"ఆ పదకొండు మందిని చూపిస్తే?"

"పదకొండు ఎవరికి కావాలి డాక్టరమ్మా? అటు నిండా కాదు, ఇటు ఖాళీ కాదు. నిజానికి అందం ఉండదు." మానా పసింగ్ దుప్పటి మడతపెడుతూనే తేల్చేసింది. "మూడు వార్డులున్నాయిగా. తలా ఒకటి ఇచ్చేద్దాం."

ఒడెట్‌కి ఈ నాటకమంటే ఒళ్ళు మండింది. కానీ అధ్యక్షుడు మనసు పడితే ఒక మనిషిని పంపే ఉత్తర్వు మీద అక్కడికక్కడే సంతకం చేయవచ్చని ఆమెకు తెలుసు. మత్తు డాక్టరు ఒక్కడు వస్తే చాలు. ఆ ఒక్కడి కోసం ఆమె పళ్ళు బిగించి సరే అంది.

రోగులను సమకూర్చే పని మానా పసింగ్ తమ్ముడు వరసయ్యే ఇంగో మీద పడింది. సముద్రం పోటుమీద ఉండి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇంగో తన ఈడు జాలరులను నలభై మందిని వెంటేసుకొచ్చాడు. మధ్యాహ్నం కాల్చిన పంది మాంసం, కొబ్బరి కల్లు అని చెబితే ఎవరు రారు?

"నీకు ఏ రోగం కావాలి ఇంగో?" అని అడిగింది మానా పసింగ్, చీటీలు రాస్తూ.

"ఏమున్నాయి?"

"పచ్చకామెర్లు."

"ఒళ్ళంతా పసుపు పూస్తావా? మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. కడుపునొప్పి ఇవ్వు మానా, హాయిగా ఉంటుంది."

"కడుపునొప్పి వాళ్ళకి ఇవాళ భోజనం పెట్టం."

ఇంగో ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే కాలు విరగ్గొట్టు!"

గురువారం కమిషన్ పదికి రావాల్సింది పదకొండున్నరకు వచ్చింది. ముందు జీపులో ముగ్గురు సభ్యులు, వెనక జీపులో ఫోటోగ్రాఫరు, ఆ వెనక జీపులో కాల్చిన పంది.

జనరల్ గారిని ఒడెట్ మొదటి వార్డుకి తీసుకెళ్ళింది. మంచానికి ఇద్దరు చొప్పున, మంచం కింద ఒకడు చొప్పున అందులో రోగులు. అసలు రోగులు పదకొండు మందీ వాళ్ళలో ఎక్కడో నలిగిపోతున్నారు. వంటాయన కప్పెక్కి బిందెలతో నీళ్ళు పోస్తున్నాడు. ధార సరిగ్గా జనరల్ గారి టోపీ మీద పడింది.

"చూశారా!" అని జనరల్ గారు కిటికీలోంచి మండే ఎండను చూపించి గర్జించారు. "ఎండలో కూడా కారుతోంది! ఇంత నీచమైన కప్పు ఆసియాలో ఎక్కడైనా ఉందా? కట్టాలి! కొత్తది కట్టాలి!"

కల్నల్ గారికి రెండో వార్డు. పదహారు ఖాళీ మంచాలు, మానా పసింగ్ పొద్దుటే జల్లెడతో చల్లిన దుమ్ము. కల్నల్ గారు వేలితో దుమ్ము తీసి, ముద్దుగా చూసుకున్నారు.

"ఒక్క రోగీ లేడు. అంటే ఏమిటి? మన సైనికులు ఆరోగ్యంగా ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆస్పత్రి ఎందుకు? మూసెయ్యాలి!" అంతలో గోడ అవతల నుంచి ఘోరమైన కేకలు వినబడ్డాయి. "ఆ అరుపులేమిటి?"

"సముద్రం సార్," అంది మానా పసింగ్. "పోటుమీద ఉంది."

ఆ సముద్రం మూడో వార్డులో ఉంది. మేడమ్ గారు అడుగు పెట్టగానే పదిహేను మంది జాలరులు గొంతు చించుకున్నారు. ఇంగో పిండికట్టు వేసిన కాలు గాల్లోకెత్తి, "నర్సమ్మా! మూడ్రోజులైంది, మంచినీళ్ళిచ్చే నాథుడు లేడు!" అని పెడబొబ్బలు పెట్టాడు. మేడమ్ గారు కంటి కాటుక చెదరకుండా చేతి రుమాలుతో కన్నీరద్దుకున్నారు. ఫోటోగ్రాఫరుకు అది దొరకలేదేమోనని మళ్ళీ అద్దుకున్నారు.

"బిడ్డలారా! మీకు మనుషులను పంపిస్తాను! నింపాలి! ఖాళీలన్నీ నింపాలి!"

ముగ్గురూ వరండాలో కలుసుకున్నారు. ముగ్గురి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఎవరు చూడదలచుకున్నది వాళ్ళు చూశారు. ఇక ఉత్తర్వు మాట ఎత్తుదామని ఒడెట్ నోరు తెరవబోతుండగా గేటు దగ్గర లారీ హారను ఆగకుండా మోగింది.

అరటిగెలల లారీ అది. గెలల మధ్య ఇద్దరు సిపాయిలు మూడో సిపాయిని పట్టుకుని కూర్చున్నారు. కొండ మీది శిబిరం నుంచి వస్తున్న సైనికుల బండి మలుపులో బోల్తా కొట్టింది. మిగతావాళ్ళకు గీతలే పడ్డాయి. జున్రే కబుయెనాస్ అనే ఇరవై రెండేళ్ళ సిపాయి మాత్రం బండి కింద పడ్డాడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. ముఖం మాత్రం బూడిద రంగులో ఉంది.

"నాకేం కాలేదు డాక్టరమ్మా," అన్నాడు జున్రే, పెదవులు తడుపుకుంటూ. "కొంచెం కళ్ళు తిరుగుతున్నాయి. దాహం, అంతే."

ఒడెట్ అతని పొట్ట మీద చెయ్యి వేసింది. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నాడి దారంలా పరుగెడుతోంది. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం పగిలి లోపలే రక్తం కారుతోందని ఆమెకు అర్థమైంది. పట్నం ఆరు గంటల దూరం. ఇతనికి ఒక గంట ఉందో లేదో!

అప్పుడు చప్పట్లు వినబడ్డాయి.

"శభాష్!" జనరల్ గారు వరండా మెట్లు దిగి వచ్చారు. "ఉత్తుత్తి ప్రమాదంతో డ్రిల్లు కూడా పెట్టారా! చెప్పనేలేదే! ఎంత బాగా రంగు పూశారయ్యా ముఖానికి!"

"సార్, ఇది డ్రిల్లు కాదు!"

"అదీ! సరిగ్గా అలాగే అనాలి!" జనరల్ గారు గడియారం చూసుకున్నారు. "కల్నల్, టైము రాసుకోండి."

ఒడెట్ స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తింది. మానా పసింగ్ జున్రే వేలి రక్తం గాజు పలక మీద వేసి చూసింది. ఓ గ్రూపు. ఆస్పత్రిలో రక్తం చుక్క కూడా లేదు. దాచే ఫ్రిజ్ కమిషన్ పరిశీలనలో ఉంది మరి!

ఒడెట్ మూడో వార్డు గుమ్మంలో నిలబడి అరిచింది. "రోగాలు చాలించండి! లేవండి! ఒక కుర్రాడు చచ్చిపోతున్నాడు, రక్తం కావాలి!"

పదిహేను మంది ఒక్కసారి మంచాల మీంచి దూకారు. రెండో నిమిషానికి మొదటి వార్డులోని జాలరులు కూడా కలిశారు. ఇంగో పిండికట్టు కాలితోనే అందరికంటే ముందు పరుగెత్తాడు.

"కాలు విరిగిన మనిషి పరుగెడుతున్నాడేమిటి?" అన్నారు మేడమ్ గారు, నిర్ఘాంతపోయి.

"దేశభక్తి మేడమ్!" అంటూ మానా పసింగ్ ఆమెను పక్కకు నెట్టి ముందుకెళ్ళింది.

ఆరుగురి రక్తం కుదిరింది. మత్తు డాక్టరు లేడు కాబట్టి మత్తు సూది ఒడెట్ తనే ఇచ్చింది. ఊపిరి చూసే పని, చేతికి కత్తెర అందించే పని, రక్తం సీసా మార్చే పని, మూడూ మానా పసింగ్‌వి. పొట్ట తెరిచేసరికి కరెంటు పోయింది.

"ఎవర్రా అక్కడ దీపమున్నవాళ్ళు?" అని అరిచింది మానా పసింగ్.

ఫోటోగ్రాఫరు తన పెద్ద దీపం పట్టుకుని లోపలికి వచ్చాడు. దాన్ని కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనకే జనరల్ గారు తలుపు దాకా వచ్చి తొంగి చూశారు. ఒడెట్ మోచేతుల దాకా ఎరుపు. నేల మీద ఎరుపు.

"బయటికి పోండి!" అంది ఒడెట్, తల ఎత్తకుండా. ఆయన పోయారు. గోడ పట్టుకుని మరీ పోయారు.

గంటన్నర పట్టింది. పిడికిలంత ప్లీహం రెండు ముక్కలై బయటికొచ్చింది. మానా పసింగ్ దాన్ని మందు నీళ్ళున్న సీసాలో వేసి మూత పెట్టింది. జున్రే నాడి మెల్లగా దారిలో పడింది. బుగ్గల్లోకి మనిషి రంగు తిరిగొచ్చింది. ఒడెట్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చేటట్టుంది, కానీ దానికీ ఓపిక లేదు.

ఆమె బయటికొచ్చేసరికి కమిషన్ భోజనం మధ్యలో ఉంది. ఆమెను చూడగానే ముగ్గురూ చేతులు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

"సార్," అంది ఒడెట్. "అది నిజం ఆపరేషన్. ఈ జాలరులు లేకపోతే ఆ సిపాయి పోయేవాడు. నాకు మత్తు డాక్టరు కావాలి. ఇవాళే సంతకం పెట్టండి."

జనరల్ గారు ఆమె భుజం మీద చెయ్యి వేసి కొబ్బరి చెట్ల కిందకి నడిపించారు. గొంతు తగ్గించారు.

"నేను తలుపు దగ్గర నిలబడ్డానమ్మా. చూశాను. నేనేం గుడ్డివాణ్ణి కాదు."

"మరి?"

"నిజమని రాస్తే మత్తు డాక్టరు ఎక్కడున్నాడని అడుగుతారు. నా దగ్గరున్నాడు. కొండ మీది వాళ్ళకి మంచి బండి ఎందుకు లేదని అడుగుతారు. ఆ సంతకం కల్నల్‌ది. నర్సులెందుకు లేరంటారు. ఆ దస్త్రం మేడమ్ సొరుగులో ఉంది. డ్రిల్లు అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు, అందరికీ పేరొస్తుంది. నీకు కూడా పతకం వస్తుంది." ఆయన చిరునవ్వు నవ్వారు. "పిల్లాడు బతికాడుగా! ఇంక నిజంతో పనేముంది?"

ఒడెట్ ఆయన చేతిని తన భుజం మీంచి తీసేసింది. ఆ చేతికి రక్తం అంటింది. ఆయన దాన్ని రుమాలుతో తుడుచుకుని, తిరిగి వెళ్ళి భోజనం ముగించారు.

తొమ్మిదేళ్ళుగా కదలని కమిషన్ ఐదు వారాల్లో నివేదిక ఇచ్చింది. అదీ ఏకగ్రీవంగా! బుగాడోలో కొత్త భవనం కట్టాలి. కొత్త భవనం కట్టాలంటే పాతది ఉండకూడదు కాబట్టి ఆస్పత్రిని నెలాఖరుకు మూసెయ్యాలి. ఖాళీలన్నీ వెంటనే నింపాలి. ఆస్పత్రి మూతపడుతుంది కాబట్టి నింపిన వాళ్ళు మనీలాలోనే పనిచెయ్యాలి. కట్టడమూ, నింపడమూ, మూయడమూ, మూడూ ఒకేసారి! ముగ్గురు సభ్యులూ గెలిచారు. ఓడిపోయిన వాళ్ళ ప్రస్తావన నివేదికలో లేదు.

నివేదికతో పాటు రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ఒడెట్‌కి పతకం, "అత్యుత్తమ అత్యవసర విన్యాస నిర్వహణకు". రెండోదాంట్లో జున్రేకి బంగారు అంచు ప్రశంసాపత్రం, "రోగి పాత్రను అసాధారణ సహజత్వంతో పోషించినందుకు".

"అమ్మకి పంపిస్తాను డాక్టరమ్మా," అన్నాడు జున్రే, మంచం మీద కూర్చుని. "నాకు జీవితంలో మొదటి బహుమతి. కానీ దీంతో పాటు వచ్చిన ఈ కాగితం ఏమిటి?"

ఆ కాగితం అతని సెలవు దరఖాస్తు. పొట్ట మీద జానెడు కోత ఉన్నవాడు బరువులెత్తకూడదని, తొంభై రోజులు విశ్రాంతి కావాలని ఒడెట్ రాసి పంపింది. దాని మీద ఎర్ర సిరాతో జవాబు. "తిరస్కరించడమైనది. సదరు సిపాయి రోగి కాడు, రోగి పాత్రధారి. నటించినందుకు సెలవు ఇచ్చే నిబంధన లేదు. ముప్ఫై కిలోల మూటతో వెంటనే కొండ శిబిరంలో చేరవలెను."

"మూట మోస్తే ఏమవుతుంది డాక్టరమ్మా?"

"కుట్లు విచ్చుకుంటాయి. లోపలివి బయటికొస్తాయి."

జున్రే ప్రశంసాపత్రాన్ని జాగ్రత్తగా దిండు కింద పెట్టాడు. "అప్పుడు కూడా బాగా నటించానంటారేమో!" అన్నాడు. నవ్వబోయి, పొట్ట పట్టుకున్నాడు.

ఒడెట్ ఆ సాయంత్రమే సీసా తీసి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టి ఉత్తరం రాసింది. "ఇందులో ఉన్నది సిపాయి జున్రే కబుయెనాస్ ప్లీహం. ఇది నటించదు. పరీక్ష చేయించుకుని నా రోగికి సెలవివ్వండి. పతకం కూడా ఇందులోనే తిప్పి పంపుతున్నాను." పెట్టెను పడవలో పంపించి జవాబు కోసం చూసింది. ఈలోపు జున్రేను కదలనివ్వలేదు. కొండ మీది అధికారి ఫోను చేసినప్పుడల్లా, "ఇక్కడి జీపు పాడైంది" అని మానా పసింగ్ చెప్పింది. అది మాత్రం నిజమే.

పదో రోజున జవాబొచ్చింది. ఒడెట్ నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చుంది.

"మీరు పంపిన నమూనా అందినది. రంగు, ఆకారం అత్యంత సహజంగా ఉన్నాయి. జనరల్ గారు దానిని అద్దాల పెట్టెలో ఉంచి విదేశీ సైనికాధికారులకు స్వయంగా చూపించారు. వారు ముగ్ధులై, బుగాడో విన్యాసాన్ని మూడు నెలల్లో ప్రత్యక్షంగా చూడగోరుతున్నారు. ఇదే పనివాడిచేత ఒక గుండె, రెండు మూత్రపిండాలు కూడా చేయించి పంపగలరు. మరొక మనవి. నమూనా ఇప్పుడు కేంద్ర కార్యాలయం ఆస్తి. అది తనదని సిపాయి భావించినచో సరైన మార్గంలో మూడు ప్రతులతో దరఖాస్తు చేసుకోవచ్చును."

మానా పసింగ్ మొదట నవ్వింది. తర్వాత బూతులు తిట్టింది. తర్వాత, "ఇప్పుడేం చేద్దాం డాక్టరమ్మా? మూయడానికి ఆరు రోజులుంది" అంది.

ఒడెట్ ఆ ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. పద్నాలుగు ఉత్తరాల్లో నిజం రాసింది. పదిహేనోదాంట్లో నిజాన్ని సీసాలో పెట్టి పంపింది. ఆ భాష వాళ్ళకు రాదు. వాళ్ళకొచ్చిన భాష ఏదో ఈ కాగితంలో స్పష్టంగా ఉంది. ఆమె కలం తీసింది.

"విదేశీ అతిథుల ముందు దేశ గౌరవం నిలబడాలంటే రిహార్సళ్ళు తప్పనిసరి. ప్రధాన పాత్రధారి సిపాయి జున్రే కబుయెనాస్ తొంభై రోజులు మంచం మీదే ఉండి సాధన చెయ్యాలి. బరువులు మోస్తే ముఖంలో రోగి కళ పోతుంది. రంగస్థలంగా ఆస్పత్రిని తెరిచి ఉంచాలి. మత్తు డాక్టరు పాత్రకు ఒకరు, నర్సుల పాత్రలకు ముగ్గురు కావాలి. రంగస్థల సామగ్రి కింద ఒక ఫ్రిజ్ కావాలి. సహజత్వం కోసం అది పనిచేసేదై ఉండాలి."

తొమ్మిదేళ్ళలో దొరకనిది రెండో రోజున దొరికింది! మూడు సంతకాలతో మంజూరు ఉత్తర్వు వచ్చింది. సిపాయికి తొంభై రోజులు, కదలరాదు, మెదలరాదు, రోజూ మాంసాహారం. మూసివేత వాయిదా. పాత్రధారులు బయలుదేరుతున్నారు.

ఆ తర్వాతి సోమవారం పడవలో ఫ్రిజ్ దిగింది. దాని వెనకే మేడమ్ గారి అన్న కూతుళ్ళు ముగ్గురు, ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని దిగారు. వాళ్ళ వెనక తెల్లటి చొక్కాలో ఒక లావుపాటి మేజరు దిగాడు. ఆరేళ్ళుగా బుగాడో మత్తు డాక్టరుగా ఉన్న మనిషి బుగాడోను చూడటం అదే మొదటిసారి.

వాళ్ళు ఇంకా వరండా మెట్లెక్కుతుండగానే కొండ మీంచి అరటిగెలల లారీ వచ్చి ఆగింది. తొడలో తూటా దిగిన సిపాయి ఒకడు గెలల మధ్య మూలుగుతున్నాడు. ఒడెట్, మానా పసింగ్ అప్పటికే స్ట్రెచర్‌తో లారీ దగ్గరున్నారు.

మేజరు పెట్టె కింద పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు.

"రిహార్సల్ అప్పుడే మొదలెట్టేశారా కెప్టెన్? బాగుంది, బాగుంది! నా పాత్ర ఏమిటి?"

"మత్తు డాక్టరు."

"అయ్యో, ఆ పాత్ర అలవాటు తప్పి ఆరేళ్ళయింది. డైలాగులేమైనా ఉన్నాయా?"

"లేవు," అంది ఒడెట్, స్ట్రెచర్ రెండో కొస అతని చేతుల్లో పెడుతూ. "ఇది పట్టు. లోపలికెళ్ళి చేతులు కడుక్కో."